చెయ్యి పట్టుకున్నదెవరు

జంపన్న వాగులో మునిగి ఒడ్డెక్కారు కదా, తడి బట్టలు ఆరేదాకా ఆగకండి. ఆగితే వెనకవాళ్ళు తోసుకుంటూ పోతారు. కొబ్బరికాయల కుప్పలు దాటగానే బెల్లం కొట్లు, అంటే ఇక్కడి లెక్కలో బంగారం కొట్లు. ఓ తక్కెడలో ఒక పక్క బెల్లం దిమ్మలు, రెండో పక్క గుండు గీయించుకున్న పసివాడు, వాడి ఏడుపు. ఆపైన కోళ్ళ గంపలు, బూరలు, ప్లాస్టిక్ కళ్ళజోళ్ళు. మైకు ఒక్క నిమిషం ఊరుకోదు. తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు చదువుతూనే ఉంది: ఎర్ర లాగు, చారల అంగీ, ఊరి పేరు చెప్పడం లేదు, వచ్చి తీసుకుపోండి.

రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి జరిగే మేడారం జాతరలో ఇది రెండో రోజు, గురువారం. నిన్న రాత్రి కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దె మీదికి వచ్చింది. ఈ పొద్దు చిలకలగుట్ట దిగి సమ్మక్క రావాలి. ఆమె వచ్చేసరికి చీకటి పడుతుంది. ఇప్పుడింకా మూడున్నరే. అందాకా ఇన్ని లక్షల మందికి చేసే పనేమీ లేదు. స్నానాలయ్యాయి, కోడి కూరలయ్యాయి. పచ్చబొట్ల వాళ్ళకు గిరాకీ తగిలేది ఈ వేళలోనే.

అదిగో, నాలుగు కర్రలకు కట్టిన నీలం టార్పాలిన్. కింద ఈతచాప. చాప మీద మోటారు సైకిల్ బ్యాటరీ, దాన్నుంచి రెండు వైర్లు, వాటి చివర చేతిలో ఇమిడిపోయే మిషను. సీసా మూతలో నల్లటి సిరా. దూది, డెటాల్, కొబ్బరినూనె డబ్బా. వెనక ఫ్లెక్సీ మీద బొమ్మలు, ప్రతిదానికీ ఓ నంబరు: త్రిశూలం, ఓం, ఆంజనేయుడు, తేలు, నెమలి, అంబేడ్కర్, బాణం గుచ్చిన గుండె, పులి మీద సమ్మక్క. అక్కడ గద్దెల మీద అమ్మవార్లకు విగ్రహాలుండవు. వెదురు కర్ర, కుంకుమ భరిణె, అంతే. పులిని క్యాలెండర్లవాళ్ళు ఇచ్చారు, ఫ్లెక్సీవాళ్ళు తీసుకున్నారు.

చాప చివర కూచోండి. చెప్పులు ఒళ్ళోనే పెట్టుకోండి, ఇక్కడ వదిలితే దొరకవు.

మిషను పట్టుకున్న కుర్రాడికి ముప్ఫై లోపే. అతని ముందు కొత్తగా పెళ్ళయిన జంట ఉంది, బేరం నడుస్తోంది.

"అక్షరానికి యాభై. ఒత్తులకు పైసలు లెవ్వు, గుడులు దీర్ఘాలు గూడ అండ్లనే," అంటున్నాడు కుర్రాడు.

"ఆమె పేరు నాలుగక్షరాలు. అంటే రెండొందలా? మూడక్షరాల పిల్లను చేసుకుంటే అగ్గువైతుండె," అన్నాడు పెళ్ళికొడుకు. భార్య వీపు మీద ఒకటి వేసింది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో అతను చేతిని మెల్లగా వెనక్కి తీసుకోవడం మీరు చూశారు. "ముందు వీళ్ళవి కానియ్యి అన్నా, మాకేం తొందర లేదు" అని పక్కకు జరిగాడు. భయం.

అతని వంతు మళ్ళీ వస్తుంది. ఈలోగా పక్కనున్న వాళ్ళ చేతులు చూడండి. చూస్తే ఊరుకోలేం, అడుగుతాం. పచ్చబొట్టు కనబడగానే "దీనర్థం ఏంటి?" అని అడగడం పట్నం అలవాటు. దానికి జవాబు ఒక్క ముక్కలో వచ్చేస్తుంది: మా అమ్మ, మా దేవుడు, ఊరికే, ఫ్యాషన్. అక్కడితో మాట ఆగిపోతుంది. అది కాకుండా "వేయించుకునేటప్పుడు నీ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?" అని అడిగి చూడండి. మనిషి కాసేపు మీ మొహంలోకి చూసి, సర్దుకుని కూచుంటాడు.

మీ ఎడమ పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. భూపాలపల్లి బొగ్గుబాయిలో పని. ముంజేతి మీద 'జై తెలంగాణ' అని ఉంది, అక్షరాలు కాస్త అలుక్కుపోయాయి. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది, 42 రోజులు నడిచింది. సమ్మె టెంటులో కూచున్న ముగ్గురు దోస్తులు జీతం లేని నెలలో తలా ఇంత వేసుకుని, దారిన పోయే పచ్చబొట్టు ఆయన్ని పిలిచి, వరసగా చేతులు చాపారట.

"ఒకని చెయ్యి ఒకడు వట్టుకున్నం. నాది వట్టుకున్నోడు గిప్పుడు ఒక పార్టీల ఉన్నడు, నేను వట్టుకున్నోడు ఇంకో పార్టీల. ముగ్గురివి మూడు కండువాలైనయ్," అని, చొక్కా చెయ్యి మళ్ళీ కిందికి దించుకున్నాడు. "గిదొక్కటే మార్చరాదు."

ఆయన కనుబొమ పైన ఇంకో గీత ఉంది, చూశారా. వంకరగా, నీలంగా, వేలెడు పొడవు. దానికి నంబరు లేదు, ఫ్లెక్సీ మీద బొమ్మ లేదు. "గది నేను ఏపిచ్చుకోలే. బాయే ఏసింది," అన్నాడు. పైకప్పు నుంచి పెళ్ళ ఊడి నుదుటి మీద పడింది. గాయం నిండా బొగ్గు పొడి. కుట్లు పడేసరికే లోపల కూచోవలసింది కూచుంది. గాయం మానింది, బొగ్గు మాత్రం తోలు కిందే ఉండిపోయింది. భూమి లోపలికి దిగి బొగ్గు తవ్విన మనుషులున్న చోటల్లా ఈ నీలి గీతలుంటాయి. బొగ్గయినా దీపపు మసి అయినా పదార్థం ఒక్కటే, కర్బనం. నల్లటి పొడే, కానీ తోలు పొరల కింద నుంచి చూస్తే నీలంగా, పచ్చగా అగుపిస్తుంది. వెలుతురులోని ఎరుపును లోపలి నలుపు మింగేస్తుంది, నీలం మాత్రం చర్మంలో చెదిరి మన కంటికి తిరిగొస్తుంది.

"అప్పుడెవరు పట్టుకున్నారు?"

ఆయన తడుముకోలేదు. "నా తలకాయ ఒళ్ళె వెట్టుకొని, చేతి రుమాలు ఒత్తిపట్టి, పైదాంక తెచ్చినోడు ఒకడున్నడు. రిటైరైండు. మంచిర్యాలల ఇల్లు కట్టుకున్నడు. ప్రతి పండుగకు ఫోన్ చేస్త."

సమ్మె గురించి చెప్పినప్పుడు నవ్విన మనిషి ఇప్పుడు నవ్వలేదు.

మిషను మోగింది. ఎవరో కుర్రవాడు తేలు బొమ్మ ఎంచుకున్నాడు. దగ్గరికి వంగి చూడండి, సిగ్గుపడకండి, ఇక్కడ అందరూ వంగేవాళ్ళే. కుర్రాడు ముందు రెండు వేళ్ళతో తోలును సాగదీసి పట్టుకుంటాడు. వదులుగా ఉంటే సూది దిగదు, గీత వణుకుతుంది. సూది కుట్టు మిషను సూదిలాగే పైకీ కిందికీ ఆడుతుంది. లోపలికి వెళ్ళేది మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు. సన్నని నెత్తురు చుక్కలు, వాటితో కలిసిన నల్ల సిరా. దూదితో తుడుస్తాడు. గీత కనిపిస్తుంది. మళ్ళీ నిండిపోతుంది.

ఈ మిషను పుట్టుక చిత్రమైంది. థామస్ ఎడిసన్ 1875లో కరెంటుతో పనిచేసే పెన్ను ఒకటి చేశాడు. కాగితానికి చిల్లులు పొడిచి, వాటి మీదుగా సిరా పూసి నకళ్ళు తీసేందుకు, ఆఫీసుల కోసం. ఆఫీసుల్లో అది ఎక్కువకాలం నిలవలేదు. న్యూయార్కులో శామ్యూల్ ఓ'రైలీ అనే పచ్చబొట్ల ఆయన, చిల్లులు పడవలసింది కాగితానికి కాదని 1891లో దాన్ని మార్చి పేటెంటు తీసుకున్నాడు. ములుగు అడవిలో బైకు బ్యాటరీ మీద మోగుతున్న ఈ మిషనుకు మూలం అదే.

కుర్రాడి నాయనమ్మకు మాత్రం మిషను లేదు. ఎరుకల ఆమె. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. బుట్టలు అమ్మేది, సోది చెప్పేది, పచ్చబొట్లు పొడిచేది. "రెండు మూడు సూదులు దారంతోటి గట్టిగ కట్టేది. ఆముదం దీపం మీద మూకుడు బోర్లిస్తే మసి పడతది గదా, గది గీకి, ఆకు పసరు కలిపి," అని చెబుతూనే తేలుకు కొండి దిద్దాడు. కొన్నిచోట్ల చనుబాలు కూడా కలిపేవాళ్ళు. పొడిచాక పసుపు, ఆముదం. పొడిచేటప్పుడు పాట, పిల్ల ఏడుపు పాటలో కలిసిపోవాలని. కూలి కింద జొన్నలో వడ్లో, ఓ రవికె గుడ్డ. ఆదిలాబాదు వైపు గోండు గూడేల్లో ఈ పని తోటి ఆడవాళ్ళది. వాళ్ళ మగవాళ్ళు కీకిరి వాయిస్తూ గోండుల వంశకథలు పాడతారు, ఆడవాళ్ళు గోండు స్త్రీల ఒంటి మీద పొడుస్తారు. కథ ఒకరి గొంతులో, గుర్తు ఒకరి సూదిలో. ఒకే ఇంటి పని.

ఇంతకీ సిరా ఎందుకు పోదు? పై తోలు నెలకోసారి రాలిపోయి కొత్తది వస్తూనే ఉంటుంది కదా. సూది ఆ పొరను దాటి కిందికి దిగుతుంది, అక్కడ రాలిపోయే పని లేదు. ఒంట్లో బయటి సరుకు కనబడితే మింగేసే కణాలుంటాయి. అవి పరుగెత్తుకొచ్చి మసి రవ్వల్ని మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. అలాగే పట్టుకుని ఉంటాయి. ఆ కణాలూ చస్తాయి. చచ్చేటప్పుడు మసి వదిలేస్తాయి, పక్కనే పుట్టిన కొత్త కణం దాన్ని అందుకుంటుంది. ఫ్రాన్సులో మార్సెయ్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద ఈ సంగతి తేల్చారు. అప్పటిదాకా ఒకే కణం జీవితాంతం మోస్తుందనుకునేవాళ్ళు. కాదు, చేతులు మారుతూ ఉంటుంది.

తేలు పూర్తయింది. నూట యాభై. కుర్రవాడు దాన్ని మూడు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంటూ వెళ్ళిపోయాడు. వాడి చెయ్యి ఎవరూ పట్టుకోలేదు, వాడిని అడిగేదీ లేదు.

"కుడి చేతికి ఏపియ్యకు తమ్మీ," అని చాప అవతలి నుంచి ఓ గొంతు. వాడప్పటికే జనంలో కలిసిపోయాడు.

గొంతు ఒక పాతికేళ్ళ కుర్రాడిది. పక్కనే వాళ్ళమ్మ, నర్సంపేట వైపు వాళ్ళు. అతని కుడి ముంజేతి మీద ఏదో చెరిపేసిన పలకలా బూడిద రంగు మచ్చ. తేరిపార చూస్తే రెండు గుండ్రాలు, కింద ఒక ఒత్తు. 'అమ్మ'.

హైదరాబాదులో హాస్టల్లో ఉండి కోచింగు తీసుకునేటప్పుడు వేయించుకున్నాడు. ఏసీ గది, చేతులకు గ్లౌజులు, లేతనీలం కాగితం మీద ముందే గీసిన నమూనా, మూడు వేలు. "రూమ్మేట్లు వీడియో తీసిండ్రు. పట్టుకునుడైతే ఎవ్వలు పట్టుకోలే," అన్నాడు మీరడగ్గానే. తర్వాత తెలిసింది. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాలకు పోవాలంటే పచ్చబొట్టు ఎడమ ముంజేతి లోపలి వైపో, అరచేతి వెనకో ఉండాలి. అదీ ఆ భాగంలో పావు వంతుకు మించకూడదు. దేవుడి బొమ్మకు, పేరుకు అభ్యంతరం లేదు. కుడి చెయ్యి మాత్రం పనికిరాదు, సెల్యూట్ కొట్టే చెయ్యి అదే కాబట్టి. ఆదివాసీల సంప్రదాయ పచ్చబొట్లకు సైన్యం సడలింపు ఇస్తుంది, ఇతనికి ఆ వెసులుబాటు లేదు.

ఇక లేజరు. అర సెకనులో లక్షో వంతు కూడా ఉండని వెలుగు దెబ్బ తోలులోంచి దిగి మసి రవ్వల్ని చితగ్గొడుతుంది. పొడి పొడి అయిన వాటిని ఒళ్ళు మెల్లగా ఈడ్చుకుపోతుంది. ఒక్కసారితో పోదు. ఆరెనిమిది వారాలు ఆగాలి, మళ్ళీ పోవాలి, మళ్ళీ ఆగాలి. నల్ల సిరా అన్ని రకాల వెలుగునూ పీల్చుకుంటుంది కాబట్టి మిగతా రంగుల కంటే తేలిగ్గా లొంగుతుంది. అలా అని నొప్పి తగ్గదు, ఖర్చూ తగ్గదు.

"పైసలు యాడివి? రెండు మేకలమ్మిన," అంది వాళ్ళమ్మ. ఆమెకు ఇందులో సిగ్గుపడేదీ బాధపడేదీ ఏం లేదు. "నా పేరు గీకేయనీకి నా మేకలే అమ్మిన. గిట్ల ఎవలన్న చేస్తరా బిడ్డా? ఏసేటప్పుడు నేను లేకుంటి. తీసేటప్పుడు మాత్రం రెండుసార్లు గూడ నేనే పట్టుకున్న. నన్ను తీసేస్తుంటె వీడు 'అమ్మా అమ్మా' అని ఒక్కటే ఒర్రుడు."

బొగ్గుబాయి పెద్దాయన నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. కుర్రాడు కూడా నవ్వాడు. ఇంకా రెండు మూడు విడతలుందట. వచ్చే నోటిఫికేషన్ లోపల 'అమ్మ' పూర్తిగా పోవాలని తల్లీ కొడుకూ కలిసి సమ్మక్కకు మొక్కుకున్నారు.

ఇప్పుడు కుడి పక్కకు తిరగండి. చాలాసేపటి నుంచి ఓ అవ్వ మీ మోచేతిని ఆనుకుని కూచుంది. డెబ్బై దాటాయి. పక్కన మనవరాలు, వరంగల్లులో నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల మిషను కుర్రాడిని వదలడం లేదు: సూది కొత్తదేనా, ప్యాకెట్ నా ముందు చింపుతవా, సిరా మూత మారుస్తవా, ఒకరి రక్తం ఒకరికి అంటితే ఏమేం వస్తయో తెలుసా, ఏడాది దాకా రక్తదానం చెయ్యరాదు తెలుసా. కుర్రాడికి విసుగొస్తోంది కానీ ప్యాకెట్ చింపాడు. ఆ పిల్ల అడిగిందంతా నూటికి నూరు పాళ్ళు సరైనదే, నేనైతే ఇంకో నాలుగు ప్రశ్నలు కలుపుతాను. ఒకే సూదితో పొద్దుటి నుంచీ పొద్దుగూకేదాకా నడిపే చాపలు ఈ దారిలో లేవని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అవ్వ ముంజేయి చూడండి. ముడతల మధ్య ఆకుపచ్చగా మూడక్షరాలు, పైనా కిందా చుక్కల వరస. భర్త పేరు.

అవ్వ ఆ పేరు ఎన్నడూ నోటితో అనలేదు. అనకూడదు. పిలవాలంటే దగ్గు, లేదంటే "ఇగో", లేదంటే పిల్లల పేరు పెట్టి "వాళ్ళ నాయిన". కానీ ఇంటికి వచ్చిన సర్కారు మనుషులకు దగ్గితే సరిపోదు కదా. "ఓటు రాసేటాయన వచ్చి పెనిమిటి పేరేందంటే చెయ్యి చూపిన. రేషన్ కారటు రాసేటాయన అడిగితే చెయ్యి చూపిన. నా చెయ్యే చదువుకొని రాసుకపోయిండ్రు," అంది.

అక్కడే వచ్చింది చిక్కు. పొడిచిన ఆమెకు చదువు రాదు. ఎవరో కాగితం మీద రాసిస్తే చూసి పొడిచింది. ఆ పేరులో రెండు చోట్ల ఒత్తు పడాలి. పడలేదు. పొడిపించుకున్న ఈమెకూ చదువు రాదు. తప్పున్నట్టు ఎవరికి తెలియాలి? రాసుకుపోయినవాళ్ళు చేతి మీద ఉన్నట్టే రాసుకుపోయారు. తాత పోయాక మరణ ధ్రువపత్రంలో ఒత్తులున్నాయి, రేషన్ కార్డులో లేవు. ఇద్దరూ ఒకరేనని నిరూపించుకుంటే తప్ప వితంతు పింఛను రాదన్నారు. పది నెలలు మండలాఫీసు మెట్లెక్కీ దిగీ, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించీ, చివరికి వచ్చిందనుకోండి.

"ఒత్తులు పోతే పోయినయ్ గని, గా పది నెలలు నా పింఛనుగూడ పాయె," అని అవ్వ తేల్చేసింది.

అవ్వనూ అదే అడగండి.

"పట్టుకునుడా?" అవ్వ గొంతు మారింది. "మా అత్త నా కాళ్ళ మీద కూసున్నది. ఆడిబిడ్డ చేతులు ఒత్తిపట్టింది. పదకొండేండ్లు నాకు. వద్దు అత్తా వద్దు అని ఒర్రిన. ఎవలిన్నరు? బొట్టేసేటామె పాట అందుకున్నది, అందరు ఇనుకుంట కూసున్నరు. మూడొద్దులు జరమొచ్చె."

మనవరాలు తల వంచుకుని వింటోంది. ఈ ముక్క ఆమెకూ కొత్తేమో. చెయ్యి పట్టుకోవడం అంటే ఇంతసేపూ మనం అనుకున్నదొకటి, అవ్వ చెప్పినది ఒకటి. పచ్చబొట్ల గురించి ముచ్చటగా రాసేవాళ్ళు ఈ రెండోదాన్ని దాటేస్తుంటారు. పదేళ్ళ పిల్లలను పడుకోబెట్టి పొడిచిన చేతులు ఈ జాతరలో వేలల్లో ఉన్నాయి. చుబుకం మీద చుక్కలున్న లంబాడా పెద్దమ్మలను అడిగినా ఇదే జవాబు రావచ్చు, రాకపోనూవచ్చు. "అందరికి ఉండె, నాకు లేకుంటె ఏడుస్తుంటి" అనేవాళ్ళూ ఉన్నారు.

మనవరాలు రవికె చెయ్యి పైకి మడిచింది. "తాత పేరు నేను ఏపిచ్చుకుంటనే. ఒత్తులతోటి సహ. కరెక్టుగ."

అవ్వ ఆ మడతను తన చేత్తో కిందికి లాగేసింది.

"నీకెందుకే? నాకు నోరు లేకుండె, చెయ్యి చెప్పింది. నీకు నోరున్నది గద, తాత పేరేందంటే నోటితోటి చెప్పు."

పిల్ల ఏదో అనబోయి మానుకుంది. మిషను కుర్రాడు ఒకసారి ఆమె వైపు, ఒకసారి చింపిన ప్యాకెట్ వైపు చూశాడు. సూది దండుగైపోయిందన్న బాధ అతనిది.

"చింపినవ్ గద, పారెయ్యకు," అంది అవ్వ. తన చెయ్యే చాపింది. "ఒత్తులకు పైసలు లెవ్వంటివి. గా రెండు నాకెయ్యి."

చాప మీద గోల. బొగ్గుబాయి పెద్దాయన "ఇప్పుడెందుకవ్వా, ఇంకేం పింఛన్లు రావాలె?" అన్నాడు. మేకల అమ్మ వద్దంది. మనవరాలు మరీ వద్దంది: తోలు పలచబడ్డది, సిరా పరుచుకుంటది, పుండైతది, షుగరున్నది. మిషను కుర్రాడు కూడా తటపటాయించాడు. "ముసలి తోలవ్వా, గీత ఆగది."

అవ్వకు అందరి మాటలూ అయిపోయేదాకా ఓపిక ఉంది. తర్వాత అంది: "సొమ్ములు గుంజుకుంటరు, చీర గుంజుకుంటరు. నాతోటి వచ్చేది గిదొక్కటే. మీదికి పోయినంక ఆయన చూసి, గీ పేరు నాది కాదు, నువ్వెవతెవే అంటె? ఆడ సాచ్చి సంతకాలు వెట్టేటోళ్ళు ఎవలున్నరు?"

దీనికి జవాబు ఎవరి దగ్గరా లేదు.

కుర్రాడు డెటాల్ దూదితో చెయ్యి తుడిచాడు. మనవరాలు ఇక వాదించలేదు. అవ్వ ముంజేతిని తన మోకాలి మీద పెట్టుకుని, ముడతలను బొటనవేలితో ఒక వైపుకి, చూపుడు వేలితో ఇంకో వైపుకి సాగదీసింది. అరవయ్యేళ్ళ కిందటి ఆకుపచ్చ అక్షరం విచ్చుకుని పెద్దదైంది. దాని కింద గోరంత ఖాళీ. కుర్రాడు ఊపిరి బిగబట్టాడు, మీరూ బిగబట్టారు. మిషను ఒక్కసారి గీకింది, ఆగింది. తుడిచాడు. మళ్ళీ గీకింది. మొదటి ఒత్తు.

"నొస్తున్నదా అవ్వా?"

"నీ పని నువ్వు చెయ్యి."

రెండోదానికి చర్మం ఇంకా మొండికేసింది. సిరా కొంచెం పక్కకు పాకింది కూడా. కానీ ఒత్తే, ఎవరు చూసినా ఒత్తే. పాత అక్షరాలు ఆకుపచ్చ, కొత్త ఒత్తులు కారు నలుపు, చుట్టూ ఎర్రగా వాపు. పిల్ల దూది అద్దుతూ మెల్లగా కూడబలుక్కుని పైకి చదివింది, తాత పేరు, మొదటి నుంచి చివరిదాకా. అవ్వ విన్నది. తన నోటితో మాత్రం అనలేదు.

కుర్రాడు పైసలు తీసుకోలేదు. తీసుకోనని ముందే అన్నాడు కదా. అవ్వ కొంగు ముడి విప్పి బెల్లం ముక్క ఒకటి అతని చేతిలో పెట్టింది, తతిమ్మా అందరికీ తలా ఇంత.

ఎండ చింతచెట్ల వెనక్కి పోయింది. ట్యూబులైట్లు వెలిగాయి. చిలకలగుట్ట దారి పొడుగునా జనం ముగ్గులు పోసుకుంటూ పోతున్నారు. మైకులో తప్పిపోయిన పిల్లల జాబితా ఆగి, దారి వదలండి, దారి వదలండి అన్న మాట మొదలైంది.

"ఇగ నువ్వే మిగిలినవ్," అన్నాడు మిషను కుర్రాడు పెళ్ళికొడుకుతో.

తప్పించుకోవడానికి సాకులు అయిపోయాయి. డెబ్బై ఏళ్ళ అవ్వ కిక్కురుమనకుండా వేయించుకున్న చోట పాతికేళ్ళవాడు లేచిపోతే పరువేం మిగులుతుంది? కూచున్నాడు. చెయ్యి చాపాడు. కళ్ళు మూసుకున్నాడు. భార్య అతని రెండో చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది. ప్రేమతోనే కావచ్చు, పారిపోతాడన్న అనుమానమూ లేకపోలేదు. నర్సింగు పిల్ల ఇంకో కొత్త సూది చింపించింది.

మొదటి అక్షరానికి "అమ్మో" అన్నాడు. రెండోదానికి సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గోవిందరాజు, జంపన్న, అందరినీ వరసబెట్టి పిలిచాడు. రెండో అక్షరానికి చివరి గీత పడుతుండగా గుట్ట వైపు నుంచి జనం కేక లేచింది. సమ్మక్క గుట్ట దిగితే పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేలుస్తాడు. ఆ మోత ఇక్కడిదాకా వినపడిందో లేదో చెప్పలేను, కేక మాత్రం నేలలోంచి వచ్చినట్టు వచ్చింది. చాప మీద ఉన్న ప్రతి మనిషీ లేచి నిలబడ్డాడు. శివసత్తులు అప్పటికే ఊగుతున్నారు. కోడిపుంజులు గాల్లోకి లేస్తున్నాయి.

మిషను కుర్రాడు బ్యాటరీ నుంచి వైర్లు పీకేశాడు. "తల్లి వచ్చింది అన్నా, మళ్ళచ్చి ఏస్త," అని జనంలోకి ఉరికాడు.

"అరె, ఓ అన్నా! సగమే అయింది!" పెళ్ళికొడుకు చెయ్యి అలాగే చాపి ఉంది. రెండక్షరాలు, నల్లగా, నిగనిగలాడుతూ.

భార్య వంగి చదివింది. ఆ రెండక్షరాల వరకు చదివితే అది శివుడి పేరు.

"ఎవలన్న అడిగితె దేవుని పేరని చెప్పు. నడువు," అని ఆ చేతినే, వాపున్న చోటే, పట్టుకుని లాక్కుపోయింది.